తెల్లబువ్వ కుండ

మా వదిన పోయిందని పోయిన శనివారం పొద్దున కబురొచ్చింది. ఫోను మోగితే దగ్గరికి పోయి నిలబడతాను. ఎత్తడానికి భయం, ఎత్తకపోతే ఇంకా భయం. "మా, అత్త పాయ" అన్నాడు ఊళ్ళో ఉండే నా కొడుకు. అత్త అంటే వాడి మేనత్త, నా మొగుడికి అక్క. చిన్న వయసులోనే తాళి తెగి పుట్టింటికి వచ్చి, చివరిదాకా ఆ ఇంట్లోనే ఉంది.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని మనవరాలు కాగితం ఇచ్చింది. నేను చదివింది మూడో తరగతి. పైగా మా వదినకు మంచిగా మాట్లాడటమే రాదు. అందుకే ఆమె చేసిన కొట్లాట గురించే రాస్తాను. ఆ కొట్లాట వల్లే ఈరోజు నాకు ఫోను చేసే కొడుకున్నాడు.

మాది కంబదూరు పక్క పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే అదీ లేదు. రోజూ రాగిసంగటే, వరన్నం పండక్కే. అప్పుడప్పుడే మిల్లు బియ్యం వస్తున్న రోజులవి. మా అత్త, అంటే వదిన తల్లి, పట్టుదల మనిషి. బాలింతకు సంగటి పెడితే పాలు బిడ్డకు అరగవని, ఆకుకూర చలువని, పప్పు వాతమని, ఎక్కడినుంచో మల్లెపువ్వులాంటి బియ్యం తెప్పించి తెల్లన్నం, మిరియాల చారు మాత్రమే పెట్టింది. నాకు అమ్మ లేదు, కాన్పులు అత్తింట్లోనే. పెట్టింది తిన్నాను. రాణిలాగా చూసుకుంటోందని ఊరంతా అనుకున్నారు.

మొదట ఆడపిల్ల. పాలు బాగానే తాగేది. మూడో నెలలో ఏడుపు బొంగురుపోయింది. తర్వాత నోరు తెరిచి ఏడ్చేది, చప్పుడు మాత్రం వచ్చేది కాదు. ఒక పొద్దు నీలంగా మారి, కొట్టుకుని కొట్టుకుని నా ఒళ్ళోనే పోయింది.

రెండోవాడు మగపిల్లవాడు. వాడికీ అదే వయసులో గొంతు పోయింది. అత్త నా జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది. ప్రమిదలో నా పాలు పిండించి అందులో ఒక చీమను వేసింది. చీమ కాసేపు కాళ్ళు కొట్టుకుని ఆగిపోయింది.

"సూడండప్పా, దీని పాలల్లో ఇసముండాది" అని వీధికంతా చెప్పింది.

వదిన పిడకలు చరుస్తున్న చేత్తోనే వచ్చి ప్రమిద లాక్కుంది. "పాలల్లో ఏస్తే ఏ చీమైనా సస్తాదిమా. నీ మజ్జిగలో ఏసి సూడు, ఈదుకోని గట్టుకొస్తాదేమో."

ఎవరో నవ్వారు. అత్త ఆమె చెంప మీద కొట్టింది. వదిన పేడ చేతులైనా తుడుచుకోకుండానే నన్నూ బిడ్డనూ అనంతపురం బస్సెక్కించింది.

అక్కడ డాక్టరమ్మ బిడ్డకూ నాకూ సూదులు వేసింది. "పాలల్లో విషం లేదమ్మా, ఉండాల్సిన విటమిన్ లేదు. తల్లి తిండిలో లేనిది పాలల్లోకి ఎలా వస్తుంది? మిల్లులో తవుడుతో పాటే అది పోయింది. సంగటి తిను, పప్పు తిను. మళ్ళీ తెల్లన్నమే తింటే ఈ బిడ్డా దక్కడు" అంది.

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద తెల్లన్నం ఉడుకుతోంది.

"దీనికి సంగటి పెట్టుమా" అంది వదిన.

"అరగదు. పసిగుడ్డు సస్తాది."

"తెల్లబువ్వకే ఒగటి సచ్చె."

అత్త పొయ్యిలోంచి కొరివి లాగి వదిన మోచేతి మీద వేసింది. కాలిన చర్మం వాసన నా ముక్కును ఇప్పటికీ వదల్లేదు. వదిన ఆ చేత్తోనే కుండ ఎత్తి వాకిట్లో బండకేసి కొట్టింది. కరువు నేలలో అన్నం మట్టిపాలు చేయడం కంటే పాపం లేదు. నా మొగుడు పరిగెత్తుకొచ్చి అక్క గొంతు పట్టుకున్నాడు. ఆమె ఆయన మణికట్టు నెత్తురొచ్చేలా కొరికింది.

"కొట్టరా. బిడ్డ సస్తే మళ్ళా గుంత తవ్వేది నువ్వే కదరా" అంది.

ఆడపిల్లకు గుంత తవ్వింది ఆయనే. చెయ్యి దానంతటదే జారిపోయింది. అత్త మట్టిలో కూర్చుని మెతుకులు ఏరసాగింది. పోయిన పిల్ల ఆమెకు మనవరాలే కదా. మరునాడు ఆ చేతులతోనే సంగటి కెలికి, ఉలవచారు పోసి నా ముందు పెట్టింది. తప్పయిందని మాత్రం ఎప్పుడూ అనలేదు.

నేను బిడ్డ నోటి వంకే చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత అసలు ఏడుపు. ఎత్తుకోబోతే వదిన, కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని ఉండి, నన్ను నెట్టేసింది. "ఏడ్సనీమే. ఊరికంతా ఇనపడనీ."

అప్పటినుంచి ఊళ్ళో ఏ ఇంట బాలింత ఉన్నా పిలవకుండానే వెళ్ళి కుండ మూత ఎత్తి చూసేది. "బాలింత తిన్నదే బిడ్డ తాగేది" అనేది. ఆమె వస్తోందంటే తెల్లన్నం కుండలు దాచేవాళ్ళు.

ఆమెకు పిల్లలు లేరు. నా కొడుకే తల కొరివి పెట్టాడు. ఆడవాళ్ళం చేని గట్టు దగ్గర ఆగిపోయాం. నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని వాడు చితి చుట్టూ తిరుగుతుంటే, తల నెరిసినవాడు, బీపీ ఉన్నవాడు, ఎండకు పడిపోతాడేమోనని నా భయం నాది. కుండ వెనక్కి వదిలాడు. రాయి మీద పడి పగిలింది. వాడు నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. చప్పుడు లేదు. నా చెయ్యి రొమ్ము మీదికి పోయింది.

అప్పుడు ఏడ్చాడు. గట్టు మీద మేస్తున్న మేకలు తలలెత్తి చూసేంత గట్టిగా.