సిల్వర్ ఓక్ కింద నాటిన మొక్క

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. నేను చదివింది ఐదో తరగతి వరకే. కానీ చూసింది మరిచిపోయే అలవాటు మాత్రం నాకు లేదు.

ఈ సంగతి గుర్తొచ్చింది సౌదీలోని యాన్బులో. మా అమ్మాయి అక్కడ ఆసుపత్రిలో నర్సు, అల్లుడు ఒక ప్లాంటులో టెక్నీషియను. విజిట్ వీసా మీద వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఒక శుక్రవారం సాయంత్రం పార్కులో పూల ప్రదర్శన ఉందని అందరం బయలుదేరాం. అక్కడ దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన ప్రోటియా పూలు పెట్టారు. అరచేయి నిండేంత పువ్వు, రేకులు చెక్కతో చేసినట్టు గట్టిగా ఉన్నాయి. పక్కన తొట్టిలో ఒక లేత చెట్టుంది. ఆకు చీలికలు చీలికలుగా ఉంది, తిరగేసి చూస్తే అడుగున తెల్లటి వెండి నూగు. చూడగానే పోల్చుకున్నాను. అది మా కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్.

అల్లుడు ఫోనులో చూసి చెప్పాడు. ఆ పెద్ద పువ్వు, ఈ చెట్టు ఒకే కుటుంబానివట. ఇన్ని రకాల చెట్లున్న మన దేశంలో ఈ కుటుంబంలో సొంతంగా పుట్టినవి కొద్ది రకాలేనట, ఈశాన్యం కొండల్లోనూ పడమటి కనుమల్లోనూ ఉన్నాయట. సిల్వర్ ఓక్‌ను మాత్రం కాఫీకీ తేయాకుకూ నీడ కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చారట. ఇన్నేళ్ళూ అది మా కొండ మీదే పుట్టిందనుకున్నాను.

అప్పటికి మా వాళ్ళ ఇంట్లో పరిస్థితి బాగాలేదు. నితాఖాత్ అని, కంపెనీలో ఆ దేశంవాళ్ళు ఇంతమంది ఉండాలన్న నియమం వచ్చింది. అల్లుడి కంపెనీ అందులో తప్పి ఎరుపు జాబితాలో పడింది. ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావన్నారు. ఆయన వేరే కంపెనీకి తక్కువ జీతానికి మారాడు. అంతలో పెళ్ళాంబిడ్డలను దగ్గర పెట్టుకున్నవాళ్ళు తలకింత అని పన్ను కట్టాలన్న లెవీ వచ్చింది. మా అమ్మాయికి తన ఇకామా తనకుంది. తొమ్మిదేళ్ళ మనవరాలు తండ్రి ఇకామా మీద ఉంది. దాని ఇకామా రద్దు చేయించి, ఎగ్జిట్ ముద్ర కొట్టించి నాతో ఊరికి పంపాలని నిర్ణయించుకున్నారు. పిల్ల అప్పటినుంచి సరిగా అన్నం తినడం లేదు.

ప్రదర్శన నుంచి వచ్చాక నా పక్కన చేరి అడిగింది. "అమ్మమ్మా, నేనుంటే డాడీ లెవీ కట్టాలంట కదా. నేను వెళ్ళిపోతే అందరికీ ఫ్రీ అయిపోతుందా?"

వంటింట్లోకి వెళ్ళి మా అమ్మాయితో అన్నాను, పిల్ల తానే బరువైపోయాననుకుంటోందే అని. అది టిఫిన్ బాక్సు సర్దుకుంటూ, "ఏం చెప్పమంటావే అమ్మా? లెవీ వల్ల పంపుతున్నామన్నాను. నేను పంపుతున్నానని చెప్పడం కంటే అది నయం కదా" అని డ్యూటీకి వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది మా నాయనమ్మ.

మేం సముద్రం వైపు ఊరివాళ్ళం. పనికోసం మా నాన్న చింతపల్లి కొండల మీద కాఫీ తోటకు వెళ్ళాడు. వానలకు ముందు నీడచెట్లెక్కి కొమ్మలు కొట్టడం ఆయన పని. నాయనమ్మ మొక్కల మడుల్లో పనిచేసేది. కూలీల లైను ఇళ్ళలో మాది చివరిది, గుమ్మం ముందే పెద్ద సిల్వర్ ఓక్. దాని మొదలుకు మిరియాల తీగ అల్లుకుని ఉండేది. ఎండాకాలంలో దువ్వెనల్లాంటి బంగారురంగు పూలు పూసేవి. రాలిన పూలు ఏరుకుని తేనె చప్పరించడం మా పిల్లలందరి పని.

కొండ దిగువన మిషను హాస్టలుంది. నన్ను అక్కడ వేసి చదివించాలని మా నాన్న పట్టు. నేను అమ్మను వదిలి వెళ్ళనని గుంజకు కరుచుకుని ఏడ్చేదాన్ని. నాన్న కోప్పడేవాడు. అమ్మ ఏ మాటా అనకుండా పొయ్యి దగ్గరే కూర్చునేది. ఆ మౌనం చూసి, నేను వెళ్ళడమే అమ్మకూ ఇష్టమేమో అనుకున్నాను.

తొలకరి పడిన రోజున నాయనమ్మ మడిలోంచి ఒక సిల్వర్ ఓక్ మొక్కను మట్టిగడ్డతో సహా తెచ్చింది.

"ఒలే గుంటా, ఇటు రా. ఇది ఆ పెద్ద సెట్టు బిడ్డ. తల్లి పక్కనే పాతుకో. దసరా సెలవుల దాకా బతికిందనుకో, నువ్వు ఎల్లక్కర్నేదు. మీ బాబుతో నేనే సెప్తాను."

"సచ్చిపోతే?"

"సచ్చిపోతే నోరు మూసుకుని పెట్టె సర్దుకోవాల. ఒప్పుకుంటావా?"

నేను ఎగిరి గంతేశాను. వాన కురిసే కొండ మీద మొక్క బతక్కుండా ఎక్కడికి పోతుంది? చెట్టు మొదట్లోనే గొయ్యి తీసి పాతాను. మేకలు కొరకకుండా చుట్టూ ముళ్ళకంప కట్టాను. రోజూ బడి నుంచి రాగానే నీళ్ళు పోసి దాని ముందు కూర్చునేదాన్ని. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత చివర్లు నల్లబడ్డాయి. ఆకులు ఒక్కొక్కటీ ముడుచుకున్నాయి. దసరా ఇంకా రాకముందే పుల్లే మిగిలింది. ఒప్పందం ఒప్పందమే. నేను ఏడవలేదు. ఎవరి మీద ఏడవాలి? చచ్చింది మొక్క. నాన్న నన్ను హాస్టలులో దింపి వచ్చాడు.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తెలిసింది అసలు సంగతి. మధ్యాహ్నం నేను చాప మీద పడుకుని ఉన్నాను. నిద్రపోయాననుకున్నారు. అమ్మ బియ్యం చెరుగుతూ నాయనమ్మతో అంటోంది.

"అత్తా, నీళ్ళెక్కువై సచ్చిపోయుంటాది ఆ మొక్క. పిల్ల తెల్సో తెలీకో సాయంత్రం పోసీది, నేను తెల్లారి లెగిసి మళ్ళీ పోసీదాన్ని. గుంట ఇక్కడే ఉండిపోవాలని. నా సేతుల్తో నేనే సంపీసి, పిల్లని దూరం సేసుకున్నాను."

నాయనమ్మ చేతిలోని చుట్ట కింద పెట్టేసింది. "ఒసే ఎర్రిదానా, నువ్వూ పోసేవా? నీళ్ళకి సావలేదే అది. ఇన్నేళ్ళుగా సూస్తన్నాను, ఆ సెట్టు కింద దాని పిల్ల ఏనాడూ బతకదు. ఇత్తనం మొలుస్తాది, మాడిపోతాది. దూరంగా ఏస్తే మానైపోతాది. తెలిసే ఇచ్చాను. ఎల్లమన్న పాపం మీ మొగుడూపెళ్ళాల మీద పడకూడదని సెట్టు మీద ఎట్టాను."

అమ్మ చేట పక్కన పెట్టింది. అరవలేదు, తిట్టలేదు. "నాకైనా సెప్పుండాల్సింది అత్తా" అంది. ఆ సెలవులన్నీ అత్తాకోడళ్ళ మధ్య మాటలు అంతంతమాత్రమే.

నేను తిరిగి వెళ్ళే రోజున అమ్మ నా జడ వేస్తూ వేస్తూ ఆపి, నా మొహం తన వైపు తిప్పుకుంది. "నిన్ను పంపడం నాకు ఇష్టం నేదమ్మా. సదువుకోసం పంపుతన్నాను గానీ, నువ్వు లేని ఇల్లు నాకు బాగోదు. ఇది నువ్వు తెలుసుకోవాల" అంది. కొండ దిగుతున్నంతసేపూ నా చెవిలో ఆ మాటే. హాస్టలులో అందరి ఏడుపులూ వినపడేవి. నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర పట్టేది.

నాయనమ్మ చెడ్డది కాదు. మా మంచికే చేసింది. కానీ ఆ దయ వల్ల అమ్మ నెలల తరబడి తనను తాను తిట్టుకుంది, నేను అమ్మకు అక్కర్లేదేమో అనుకుంటూనే ఉండిపోయాను.

యాన్బులో ఆ మర్నాడు పొద్దున్న మా అమ్మాయి డ్యూటీ దిగి రాగానే ఇదంతా చెప్పాను. అది యూనిఫాం కూడా మార్చుకోకుండా పిల్ల మంచం మీద కూర్చుని లేపింది.

"ఒసేయ్, విను. నిన్ను పంపడం నాకు అస్సలు ఇష్టం లేదు. కట్టలేకపోతున్నది మేము. అందులో నీ తప్పు గోరంత కూడా లేదు. నువ్వు లేకపోతే ఈ ఫ్లాట్‌లో నాకేం తోచదు."

పిల్ల కళ్ళు నులుముకుని, "మరి నువ్వు ఏడవలేదేం?" అంది.

"వార్డులో ఏడ్చానే. మాస్కుంది కదా, ఎవరికీ కనపళ్ళేదు."

పిల్ల తల్లిని వాటేసుకుని బాగా ఏడ్చింది. ఏడ్చి, లేచి, ఇడ్లీ పెట్టమంది. ఎన్నో రోజుల తర్వాత అడిగి మరీ తిన్నది. తర్వాత వారమే మేమిద్దరం విమానం ఎక్కాం.

అమ్మ జడ వేస్తూ చెప్పిన ఆ మాటనే నేను ఇంతదూరం మోసుకొచ్చాను. పంపక తప్పనప్పుడు పంపాల్సిందే. కానీ పంపడం ఇష్టం లేదన్న మాట పిల్ల చెవిన పడేలా చెప్పాలి, నెపం చెట్టు మీదో పన్ను మీదో పెట్టి ఊరుకోకూడదు. నా మనవరాలికి ఆ మాట అందింది. నాకు అది చాలు.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లో పొయ్యి చల్లబడకుండా, దూరాన ఉన్న మీ బిడ్డలు క్షేమంగా తిరిగొచ్చేలా, దేవుడు మీ గడపను చల్లగా చూడాలి.