ఖాళీ ఊళ్లో కుక్కరు కూత

విడపనకల్లు మండలంలో పప్పు కుక్కరు పెట్టి వాన కురిపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు జాకబ్. రిటైరైన మిషనరీ.

కొంచెం ఎక్కువ చెప్పాను. కుక్కరు పెట్టింది ఆయన కాదు, ఆయన భార్య సువార్తమ్మ. వాన కూడా మండలమంతా పడలేదు. మా ఊరి మీదా, పక్కూరిలో సగం మీదా పడింది. మిగతా సగం ఏం పాపం చేసుకుందో పక్కూరివాళ్లనే అడగాలి. ఇక నేను చెప్పబోయేదంతా నా కళ్లతో చూసిందే. చూడనిది సువార్తమ్మ చెప్పింది. ఆమె అబద్ధాలాడదు. ఆ పని నాకు వదిలేసింది.

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒంగోలు వైపు. ముప్పై అయిదేళ్ల కిందట మిషన్ వాళ్లు వీళ్లను ఈ మెట్ట మీదికి పంపారు, దేవుడి మాట చెప్పి రమ్మని. మా ఊరివాళ్లు చాలా శ్రద్ధగా విన్నారు. సముద్రం రెండుగా చీలిన కథ చెబితే, అన్ని నీళ్లు ఒక్కచోట ఎవరు పెట్టుకున్నారని గొర్రెలు మేపే తిప్పయ్య అడిగాడు. నలభై పగళ్లు, నలభై రాత్రులు వాన కురిసిందంటే, అది శిక్ష ఎట్లా అవుతుందో ఎవరికీ అర్థం కాలేదు. బళ్లారి కాన్వెంటులో సిస్టర్ల బెత్తం కింద ఆ కథలన్నీ బట్టీపట్టినవాణ్ణి గనక, నేను వెనక కూర్చుని ఆయన మరిచిపోయిన పేర్లు అందించేవాణ్ణి. ఊళ్లో ఒక్కరూ మారలేదు. మారింది ఆయనే. వచ్చిన కొత్తలో రాగిసంకటి ఆయనకు గొంతు దిగేది కాదు. ఇప్పుడు వరన్నం పెడితే మొహం చిట్లిస్తాడు.

రిటైరయ్యాక ఒంగోలు పోతారనుకున్నాం. పోలేదు. ఉరవకొండలో రెండు గదుల ఇల్లు తీసుకుని, పాత స్కూటరు మీద తిరగడం మొదలుపెట్టారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆత్మల కోసం తిరిగారు, ఇప్పుడు టిఫిన్ల కోసం తిరుగుతున్నారని నేనంటాను. ఆయన ఒప్పుకోడు. కాఫీని ఎందుకు వదిలేశారంటాడు.

సోమవారం రాయదుర్గం. అక్కడ వాళ్ల స్నేహితుడు రాఘవేంద్రకు జీన్స్ కుట్టే షెడ్డు ఉంది. కుట్టు తప్పిందని పక్కన పడేసిన ప్యాంట్లు ఆయన జాకబ్‌కు ఇస్తుంటాడు. అందుకే డెబ్బై దాటిన మా పాస్టరు, వెనక జేబు మోకాలి దాకా జారిన జీన్స్ వేసుకుని చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చుంటాడు. కొత్త పాస్టరు ప్రసంగం మొదలుపెట్టగానే ఆ జేబులోంచి బొరుగులు తీసి నములుతాడు. తొలకరి పడ్డాక వజ్రకరూరు. చేలల్లో జనమంతా వజ్రం దొరుకుతుందేమోనని తలలు వంచుకుని నడుస్తుంటే, వీళ్లిద్దరూ వాళ్ల మధ్యన నడుస్తారు. వ్యాయామమట. వ్యాయామానికి నేల వైపు అంత గుచ్చి గుచ్చి చూడాలా అని అడిగాను. కాలికి రాయి తగులుతుందని భయమన్నాడు.

గురువారం మాత్రం మా ఊరే. ఓబులమ్మ ఇల్లు.

ఓబులమ్మది మా వీధే. కొంచెం మెట్ట చేను, రెండు బర్రెలు, వీధి చివరిదాకా వినపడే గొంతు, ఇవీ ఆమె ఆస్తి. సువార్తమ్మ ఈ జిల్లాలో బస్సు దిగిన రోజు చెంబెడు నీళ్లిచ్చింది ఆమె. అప్పటినుంచీ ఒక అలవాటు పడింది. వీళ్లు వచ్చేసరికి ఓబులమ్మ చేనికి పోయి ఉంటే బయట కూర్చోరు. కిటికీ పైన తాళంచెవి ఉంటుంది. తీసుకుని లోపలికి పోతారు. జాకబ్ బర్రెలకు నీళ్లు పెడతాడు, సువార్తమ్మ వంట చేస్తుంది. ఓబులమ్మ చేనినుంచి వచ్చేసరికి వేడి అన్నం ఉంటుంది. ఇట్లా వండిపెట్టడం ఆమె ఒక్క ఓబులమ్మకే చెయ్యలేదు. కాన్పు అయిన ఇంట్లో, జ్వరం వచ్చిన ఇంట్లో, అందరికీ చేసింది. ఆయన ముప్పై ఏళ్లు మాట్లాడింది ఎవరికీ గుర్తు లేదు గానీ, ఆమె గోంగూర పప్పు ఊరంతటికీ గుర్తుంది.

మా ఊరికీ జాకబ్‌కూ మధ్య ఒక మర్యాద ఉంది. మా దేవర్ల సంగతి ఆయన ముందు ఎత్తం. ఆయన నొచ్చుకుంటాడని మాకు బాధ. జాతర జరుగుతున్నప్పుడు ఎదురుపడితే ఊళ్లో కొంచెం పనుందంటాం. ఆయన డప్పులు వింటూనే, అలాగేనండీ, కానివ్వండి అంటాడు. కొంప ముంచింది ఈ మర్యాదే.

పోయిన ఏడు మృగశిర దాటిపోయినా చుక్క పడలేదు. విత్తనానికి శెనక్కాయలు ఒలిచి ఇళ్లలో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాం. అప్పుడు బయ్యన్న ఊరు విడవాలన్నాడు. బయ్యన్న ఊరి పెద్ద. సర్పంచి పదవి ఎప్పుడో పోయింది గానీ ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊరు విడవడమంటే, ఆ రోజు పొద్దు పొడవక ముందే మనిషీ, గొడ్డూ, కోడీ, కుక్కా ఊరు దాటిపోవాలి. దారులకు అడ్డంగా ముళ్లకంప వేస్తారు. పొద్దు గూకేదాకా లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. ముఖ్యంగా ఊళ్లో ఏ ఇంటా పొయ్యి వెలగకూడదు. ఊరు పూర్తిగా చల్లబడితే ఆ చల్లదనానికి అమ్మవారు వాన ఇస్తుందని. ఆ పూట వంటలూ భోజనాలూ పొలిమేర అవతల తోపులో. భక్తి సంగతేమో గానీ భోజనాలు మాత్రం బాగుంటాయి.

పెట్టిన రోజు గురువారం. జాకబ్ దంపతులకు చెప్పాల్సిన బాధ్యత ఓబులమ్మ మీద పడింది. వాన కోసం ఊరు విడుస్తున్నామని పాస్టరుగారింటికి ఎట్లా చెబుతుంది? ఫోన్ చేసి, ఈ గురువారం మేం ఇంట్లో ఉండము అక్కా అని ఊరుకుంది. ఇంకెవరైనా అయితే రావద్దంటున్నారని అర్థం చేసుకుంటారు. సువార్తమ్మకు ముప్పై ఏళ్లుగా ఆ మాటకు ఒకటే అర్థం. పాపం, చేన్లో పని పడింది, ఆకలితో వస్తుంది, రెండు కట్టలు గోంగూర ఎక్కువ తీసుకోవాలి.

రోడ్డు గుంతలకు నడుము పట్టేస్తుందని జాకబ్ ఎప్పుడూ కాలువ గట్టు మీదనుంచి వస్తాడు. ఆ గట్టుకు కంప వెయ్యాలని ఎవరికీ తోచలేదు. దాని మీద వచ్చేది వాళ్లిద్దరే. ఊళ్లో మనిషి కనపడలేదు. కొట్టంలో బర్రెలు లేవు, వీధిలో కుక్క లేదు. అందరూ చేలకు పోయారు, ఊరు బాగుపడిందని ఆయన సంతోషించాడట. కిటికీ పైన తాళంచెవి ఉంది.

మేం తోపులో విస్తళ్ల ముందు కూర్చున్నాం. గాలి కూడా లేదు. ఖాళీ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఆ నిశ్శబ్దంలోంచి కుక్కరు విజిలు వినిపించింది.

నమిలే నోళ్లన్నీ ఆగిపోయాయి. తిప్పయ్య పెళ్లాం మారెక్క ఊరి వైపు తిరిగి దండం పెట్టింది. అమ్మవారు వంట చేసుకుంటాంది అన్నది. అమ్మవారికి కుక్కరెందుకే అన్నాడు తిప్పయ్య. అంతలో రెండో విజిలు. అందరూ ఓబులమ్మ వైపు తిరిగారు. ఆ కుక్కరు విజిలుకు ముందు ముసలివాడిలా దగ్గుతుంది. ఆ దగ్గు ఎవరింటిదో వీధివీధికీ తెలుసు.

ఎవరైనా పోయి ఆపుదామంటే లోపల అడుగు పెట్టకూడదు. పెట్టకపోతే పొయ్యి ఆరదు. ఊరంతా పొలిమేర రాయి దగ్గర నిలబడి కాళ్లు ముందుకూ వెనక్కూ వేస్తోంది. చివరికి బయ్యన్న ఫోన్ తీసి, అందరికీ వినపడేటట్టు పెట్టాడు.

“అయ్యగారూ, యాడుండారు?”

“ఓబులమ్మగారింట్లోనండీ. మీరంతా ఎక్కడికి పోయారు? ఊళ్లో పిట్ట కూడా లేదు.”

“మీకు దండం పెడతా, ఆ స్టవ్ ఆపి బయటికి రాండి.”

వెనకనుంచి సువార్తమ్మ గొంతు వినపడింది. “ఇంకొక్క విజిల్ రానివ్వమనండి. కందిపప్పు పాతది, ఉడకడం లేదు.”

ఆ విజిలు కూడా వచ్చింది.

వాళ్లు వచ్చేలోపల తోపులో పెద్ద వాదన. గ్యాసు మంట అగ్గి కిందికి రాదన్నాడు టీ అంగడి అంజినప్ప. “కట్టె లేదు, పొగ లేదు, బూడిద లేదు. బూడిద లేనిది అగ్గి ఎట్లయితాదప్పా?”

“నీ చెయ్యి పెట్టి చూడు, అయితాదో కాదో” అన్నాడు బయ్యన్న.

సువార్తమ్మ కుక్కరును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని స్కూటరు మీద వచ్చింది. ఊరంతా పిల్లామేకలతో చెట్ల కింద ఉండడం చూసింది. ముప్పై ఏళ్లు ఈ గడ్డ మీద ఉన్న మనిషికి చెప్పక్కర్లేదు. మూత తీసి, పోనీ వేడిగా ఉంది, తలా కొంచెం తినండి అంది. ఎవరూ విస్తరి చాపలేదు. ఊరు చల్లబడాల్సిన రోజు ఊళ్లో ఉడికిన పప్పు ఎవరు తింటారు? ఓబులమ్మ చెయ్యి ముందుకు వచ్చింది గానీ, బయ్యన్న చూపుకు మళ్లీ వెనక్కి పోయింది. సువార్తమ్మ పప్పును వద్దనడం మా ఊరికి అదే మొదలు.

బయ్యన్న చేతులు కట్టుకుని చెప్పాడు. “అయ్యగారూ, మీ మింద కోపం లేదు మాకు. అమాస దాకా చూస్తాము. వాన వచ్చిందా, యెప్పటి మాదిరే రాండి. రాకుంటే ఈ ఊరి దిక్కు రావద్దండి. ఓబులమ్మ ఇంటికి గూడా.”

అలాగేనండీ అన్నాడు జాకబ్. సువార్తమ్మ మూత బిగించింది.

ఆ తర్వాత నేను ఉరవకొండ పోయి చూశాను. స్కూటరు మీద దుమ్ము పట్టింది. రాయదుర్గం పోలేదట, ఎక్కడికీ పోలేదట. గురువారం మాత్రం బస్సు దిగి కాలువ గట్టు దాకా వచ్చి, దూరంనుంచి ఓబులమ్మ ఇంటి కప్పు చూసుకుని తిరిగిపోయారట. జాకబ్ మిద్దె మీద నిలబడి మబ్బులను, పంతులు బడిపిల్లల్ని చూసినట్టు చూస్తున్నాడు. ఆయన ఇరకాటం నాకు అర్థమైంది. వాన రాకపోతే ఓబులమ్మ ఇల్లు పోతుంది. వాన వస్తే, ఊరు విడవడం వల్లే వచ్చిందంటారు. ఇట్లాంటి వాటితో వానలు రావని ఆయన ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నదంతా పోతుంది.

అయినా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. ఏమని చేస్తున్నాడో సువార్తమ్మ తలుపు చాటునుంచి విని నాకు చెప్పింది. “ప్రభువా, వాళ్లు చేసింది నీకు నచ్చదని తెలుసు. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పో. వాన పంపు. పేరు ఎవరికొచ్చినా నేను పట్టించుకోను, నువ్వు కూడా పట్టించుకోకు.”

అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా ఒక మధ్యాహ్నం వాన పడింది. ఎట్లా పడిందంటే, మా దొడ్లో ఎండబెట్టిన మిరపకాయలు వంకలో కొట్టుకుపోయి, కింది ఊళ్లో వారం పాటు మంచినీళ్లు కారంగా ఉన్నాయి. వాన తగ్గకముందే ఓబులమ్మ ఫోన్ చేసింది. అక్కా, వచ్చింది, రాండి అని అంతే చెప్పింది. గంట తిరక్కముందే ఇద్దరూ బురదలో స్కూటరును తోసుకుంటూ వచ్చారు. ఆడవాళ్లిద్దరూ గుమ్మంలో పట్టుకుని ఏడ్చారు. జాకబ్ ఎవరివైపూ చూడకుండా పోయి బర్రెలకు నీళ్లు పెట్టాడు. బయట అంత వాన కురిసింది, వాటికి ఆ నీళ్లెందుకో ఆయనకే తెలియాలి.

గొర్రు కట్టి విత్తనం వేసుకున్నాక ఊళ్లో రెండు పార్టీలు లేచాయి. ఊరు విడిచాం గనక వాన వచ్చిందని బయ్యన్న. పొయ్యి వెలిగాక విడిచినట్టు ఎట్లా, ఇది పాస్టరు ప్రార్థనేనని అంజినప్ప. ప్రార్థన సంగతి అంజినప్పకు ఎవరు చెప్పారో నేను ఊహించగలను గానీ రాయను.

ఈ ఏడు మృగశిర రాగానే బయ్యన్న ఆకూవక్కా పళ్లెంలో పెట్టుకుని ఓబులమ్మ ఇంటికి వచ్చాడు. ఆ రోజు గురువారం, జాకబ్ దంపతులు అక్కడే ఉన్నారు. “మేము ఊరు ఇడిసినాము, అది నిజం. కుక్కరు కూసింది, అదీ నిజం. ఏది పనిచేసిందో మాకు తెల్దు. దేన్నీ తీసేయలేము అయ్యగారూ. ఈ తూరి గూడా మేము తోపుకు పోతాము. మీరు గట్టు మింద వచ్చి పప్పు పెట్టాల. గోంగూరదే. పొద్దు మునిగినాక ఊళ్లో పడి అందరమూ దాన్నే తింటాము.”

“అందరూ తింటారా?” అని అడిగింది సువార్తమ్మ.

“ఊరంతా తింటాది తల్లీ.”

ఆమె అప్పటికప్పుడే ఎన్ని కట్టల గోంగూర పడుతుందో ఓబులమ్మను అడగడం మొదలుపెట్టింది. జాకబ్ మాత్రం పళ్లెం వైపు పాము వైపు చూసినట్టు చూశాడు. ముప్పై ఏళ్ల సేవ చేసిన మిషనరీ అమ్మవారి వాన మొక్కులో వంటశాల బాధ్యుడయ్యాడని ఉరవకొండ చర్చికి తెలిస్తే, ఆఖరి బెంచీ కూడా మిగలదు.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు తప్పులుంటే చెప్పమని పోయిన గురువారం ఆయనకు చదివి వినిపించాను. ఓబులమ్మ అరుగు మీద కంచం ముందు కూర్చుని, చివరిదాకా కదలకుండా విన్నాడు.

“అంతా అబద్ధమండీ” అన్నాడు. “ఆ గురువారం మేం ఇటు రానే లేదు. నేను వాన కోసం ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. బయ్యన్నగారు నన్నేమీ అడగలేదు.”

మరి ఓబులమ్మ మాటేమిటి అన్నాను. ఆమె అప్పుడు ఆయన పక్కనే వంగి, కంచంలో రెండో సంకటి ముద్ద పెడుతోంది. ఆయన ఆ ముద్దను చూశాడు. నన్ను చూశాడు.

“ఓబులమ్మ ఎవరో నాకు తెలియదండీ” అన్నాడు.