మధ్యలో ఆగిన జీపు

ఈ రోజు చేవెళ్ల బంకులో ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి మా ఆటోవాళ్లకు చెప్పడానికి ఆయిల్ కంపెనీ నుంచి ఒక సారు వచ్చాడు. మైలేజీ పడిపోతోందని అందరం ఆయన మీదికి లేచాం. ఒకప్పటి జీపు డ్రైవరు యాదయ్య తాత మాత్రం ఒక్కటే అడిగాడు.

"గిది పోస్తె బండి మధ్యల ఆగదు గద, సారూ?"

"ఆగదు తాతా. ఎందుకు?"

"అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిల లాఠీ దెబ్బకు మా తమ్ముని తల పగిలింది. బందుల పెట్రోల్ దొరకలే. ఉన్నదాంట్ల సారా కలిపి పట్నం దవాఖానకు తీస్కపోయిన. మొయినాబాద్ కాడ జీపు ఆగింది. ఆడ్నే పాణం పోయింది."

"సారాలో ఉండేదీ ఇథనాలే తాతా, కానీ దాంట్లో నీళ్లు కూడా ఉంటాయి, అందుకే ఆగింది. ఇందులో నీళ్లుండవు," అన్నాడు సారు మెల్లగా.

"గీ ముచ్చట అప్పుడు ఎవ్వలు చెప్పలే సారూ."

మా మైలేజీ గొడవ అక్కడే చల్లారిపోయింది. మీరైతే ఆయనకు ఏం చెప్పేవారు?