చెవులమ్మ మాటకు బీమా

చెవులమ్మ ఇంటికి ఎదురుగా కొట్టు పెట్టుకున్న దర్జీని చాలాకాలం ఒక అనుమానం పీడించింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లోకి మనుషులు వెళ్తూనే ఉంటారు. ఒక్కరూ తిరిగి రారు. మిషను తొక్కడం మానేసి మరీ కాపలా కాశాడు. లోపలికి పోయినవాళ్ళు పోయినట్టే. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమ్మా, వెళ్ళినవాళ్ళందర్నీ ఏం చేస్తున్నావు?"

"నువ్వూ రావయ్యా, తెలుస్తుంది" అంది ఆవిడ.

ఆ పూట దర్జీ షట్టరు సగం దించేసుకున్నాడు.

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఆ ఇంటికి రెండు తలుపులు. ముందు తలుపు వీధిలోకి, పక్క తలుపు సందులోకి. ముందునుంచి వచ్చినవాళ్ళు మనసులో ఉన్నదంతా వెళ్ళగక్కి, ముక్కు చీదుకుని, మొహం కడుక్కుని, పక్క తలుపులోంచి సందులో పడి పోతారు. తర్వాత వచ్చేవాళ్ళ కంట పడరు. కౌన్సెలింగ్ అంటే అంతే మరి. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళామని నలుగురికీ చెప్పుకుంటారు గానీ, మనసు బాగాలేక ఒకరి ముందు కూర్చుని ఏడ్చొచ్చామని ఎవరు చెప్పుకుంటారు? అందులోనూ మగవాళ్ళు. వేలు తెగితే ఇల్లంతా లేపుతారు. లోపల ఎక్కడో తెగితే మాత్రం గడియారం రిపేరుకు వెళ్ళొస్తానని చెప్పి ఇక్కడికి వస్తారు.

ఆవిడ పుట్టుకతోనే ఈ పనిలో లేదు. పెద్దాసుపత్రిలో ఫిర్యాదుల కిటికీ వెనక సగం వయసు గడిపింది. మందు లేదని, మంచం లేదని, నర్సు కసిరిందని జనం తిట్టే తిట్లన్నీ ఆ కన్నంలోంచి ఆవిడ మీదే పడేవి. ఆవిడ ఎదురు చెప్పేది కాదు. అంతా విని, "ఇంకా ఏమైనా ఉందా?" అని అడిగేది. అంతటితో తిట్లు ఆగిపోయేవి, అసలు బాధ అప్పుడు బయటికొచ్చేది. చెవులమ్మ అన్న పేరు అక్కడే పడింది. నలభై దాటాక పుస్తకాలు ముందేసుకుని, పరీక్షలు రాసి, పట్టా పుచ్చుకుంది. అంత చదివి నేర్చుకున్నదేమిటంటే, అప్పటిదాకా విన్నవాటికి పేర్లు. ఏదైతేనేం, గుమ్మానికి బోర్డు వచ్చింది.

ఆవిడకో మరిది. బీమా ఏజెంటు. కంటపడ్డ ప్రతిదానికీ పాలసీ చేయిస్తాడు. అన్నగారి మోకాళ్ళు అయిపోయాయి, దర్జీ మిషను అయిపోయింది. ఇక వదినగారి వంతు వచ్చింది. ఒకరోజు వచ్చి ఆ గదిలో, ఏడవడానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలోనే చతికిలబడ్డాడు.

"వదినా, నీ వ్యాపారానికి బీమా లేదు. నాకు నిద్ర పట్టడం లేదు."

"నిద్ర పట్టకపోతే అపాయింట్‌మెంట్ తీసుకో."

"నవ్వులాట కాదు. రేపేదన్నా జరిగితే?"

"ఏం జరుగుతుందయ్యా? నా దగ్గర కత్తి ఉందా, సూది ఉందా? రెండు కుర్చీలు, ముక్కు తుడుచుకునే కాగితాలు."

"మాట ఉంది కదా! నీ మాట విని నా కొంప కూలిందని ఎవడైనా కేసు పెడితే? నీ గుమ్మంలో కాలు జారి నడుం విరగ్గొట్టుకుంటే? నీకు చెప్పిన గుట్టు నలుగురికీ పొక్కితే? లాయరు ఖర్చు దగ్గర్నుంచి అన్నీ మా కంపెనీ చూసుకుంటుంది. ఒక్కటే షరతు. ఏం జరిగినా ముందు నాకు చెప్పాలి. అవతలివాడి ముందు 'తప్పు నాదే' అని మాత్రం అనకూడదు."

చెవులమ్మ పకపకా నవ్వింది. "పొద్దస్తమానం నా పనే జనం చేత ఆ మాట అనిపించడం. మొగుళ్ళ చేత, పెళ్ళాల చేత, అన్నదమ్ముల చేత అనిపించీ అనిపించీ నా గొంతు అరిగిపోయింది. నేను మాత్రం అనకూడదా?"

"అనకూడదు. అన్నావో, కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది."

బయట ఎవరో బెల్లు కొట్టారు. మరిది కుర్చీలోంచి కదిలేలా లేడు. అతన్ని లేపడానికి సంతకం పెట్టేసింది ఆవిడ. అతని పాలసీలు సగం అలా అమ్ముడుపోయినవే.

ఇక రంగుల కొట్టు సంగతి. ఒక బావ, ఒక బావమరిది కలిసి నడిపే కొట్టు అది. బావది నోరు, బావమరిదిది చెయ్యి. బావ గల్లాపెట్టె దగ్గర కూర్చుని కబుర్లతో కొనిపిస్తే, బావమరిది వెనక కూర్చుని రంగులు కలుపుతాడు. ఏళ్ళ తరబడి ఎగతాళులతో, ఎకసెక్కాలతో హాయిగా సాగింది. ఈమధ్య ఏమైందో గానీ ఇద్దరి మధ్యా మాటలు పడిపోయాయి. "తెలుపు పెద్దది" అంటాడు ఒకడు. "మూత" అంటాడు రెండోవాడు. అంతే.

ఒకరికి తెలియకుండా ఒకరు చెవులమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. బావమరిది తనది బట్టల వ్యాపారమని చెప్పుకున్నాడు, గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు పెట్టుకుని. ఒకే తగువుకు రెండు వైపులా తనే కూర్చోవడం ఆవిడకు బొత్తిగా నచ్చలేదు. ఇంకొకరి దగ్గరికి పంపుదామంటే ఊళ్ళో ఇంకొకరు లేరు. ఎందుకు పంపుతోందో చెబితే రెండోవాడి గుట్టు బయటపడుతుంది. సరే, ఒకరు వచ్చే రోజున ఇంకొకరు రాకుండా చూసుకుంది. వాళ్ళు ఒకరి గురించి ఒకరు ఏం చెప్పారన్నది ఆవిడ ఎవరితోనూ అనలేదు. కాబట్టి ఇక్కడా దొరకదు.

వానలకు పక్క తలుపు పెచ్చులు లేచిపోయింది. ఆవిడ ఆ కొట్టులోనే ఒక డబ్బా నీలం రంగు కొంది. "గంటలో ఆరిపోతుందమ్మా, నాదీ పూచీ" అన్నాడు బావ. ఒకరోజు పొద్దున్నే వేయించింది. ఆ మధ్యాహ్నం బావ రావాలి. సరిగ్గా అదేరోజు బావమరిది ఫోను చేసి, ఇక ఆగలేనమ్మా, ఇవాళే రానివ్వమని బతిమాలాడు. మనసు కరిగి సరేనంది. మధ్యలో కాస్త ఎడముంది, పక్క తలుపు ఉండనే ఉంది అనుకుంది.

బావ చెప్పుకోవలసింది చెప్పుకుని లేచాడు. చెవులమ్మ పక్క తలుపు మీద వేలు పెట్టి చూస్తే బంకలా అంటుకుంది. బావ చూస్తే మల్లెపువ్వులాంటి చొక్కా తొడుక్కుని వచ్చాడు. "ఈ పూటకు ముందునుంచి వెళ్ళండి" అని ఆవిడే వీధి తలుపు తీసింది.

గుమ్మంలో బెల్లు నొక్కబోతూ బావమరిది.

"నువ్వా! ఇక్కడేం పని నీకు?" అన్నాడు బావ.

"రంగు ఆర్డరుందంటే... చూసి పోదామని. నువ్వేంటి బావా?"

"నేనూ అందుకే. రంగు."

ఇద్దరూ చెవులమ్మ వంక చూశారు. చెవులమ్మ గోడ వంక చూసింది. బావ చేతిలో ముక్కు తుడుచుకున్న కాగితం ఇంకా ఉంది. రంగు ఆర్డరు కోసం ఎవరూ అంత ఏడవరు.

మర్నాటికి కొట్టు మధ్యలో చెక్క అడ్డం లేచింది. గల్లాపెట్టె ఒక వైపు, రంగులు కలిపే బల్ల ఒక వైపు. తెలుపు కావాలన్నవాడు ఎటు వెళ్ళాలో తెలియక పక్క ఊరికి పోయాడు. బావ చెవులమ్మకు ఫోను చేసి నిప్పులు కక్కాడు. "నా గుట్టు వాడి ముందు పెట్టారు. నా కొట్టు రెండు చెక్కలైంది. మీకు పట్టా ఇచ్చినవాళ్ళకు రాస్తా, కోర్టుకూ ఈడుస్తా. బోర్డు పీకించకపోతే చూడండి!"

చెవులమ్మ ఫోను పెట్టేసి కుర్చీల వంక చూసింది. ఆ గదిలో చెప్పింది ఆ గదిలోనే ఉంటుందన్న నమ్మకం ఒక్కటే ఆవిడ సరుకు. అది పోతే ఆ కుర్చీలను ఎవరికైనా అమ్ముకోవడమే. షరతు ప్రకారం మరిదికి కబురు పెట్టింది. అతను పెళ్ళికొడుకులా తయారై వచ్చాడు. అన్నేళ్ళ ఏజెంటు బతుకులో ఆ రకం పాలసీకి అదే మొదటి క్లెయిము.

"ఎవరు వదినా, ఆ పెద్దమనిషి?"

"చెప్పను."

"చెప్పకపోతే కాగితంలో ఏం రాయను? 'ఎవరో' అని రాయనా?"

"రాసుకో."

"ఏం జరిగిందో అదైనా చెప్పు."

"ఏదో జరిగింది."

మరిది తల పట్టుకున్నాడు. ఆ చిక్కు బావే విప్పాడు. వీధిలో నిలబడి, తానెవరో, ఎందుకు వస్తున్నాడో, తనకేం అన్యాయం జరిగిందో దర్జీకి, దర్జీ దగ్గరున్నవాళ్ళకు, దారిన పోయేవాళ్ళకు వినబడేలా అరిచి మరీ లోపలికి వచ్చాడు. ఆవిడ పళ్ళ బిగువున దాచిన గుట్టును ఆయన నోరే వీధిన పెట్టింది.

ముగ్గురూ కూర్చున్నారు. మరిది సంచీలోంచి కాగితాలు తీసి సర్దాడు. వదిన వైపు వంగి, "నువ్వు నోరు కట్టేసుకుని కూర్చో, అంతే" అని గొణిగాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. "చూడండి, నాకు కేసులు సరదా కాదు. ఒక్క మాట చెప్పండి, ఇప్పుడే అన్నీ వదిలేస్తా. వాడు నా గురించి ఏమన్నాడు?"

"చెప్పను" అంది చెవులమ్మ.

"మొత్తం అక్కర్లేదు. మంచే అన్నాడా, చెడే అన్నాడా? తల ఊపండి చాలు."

చెవులమ్మ మెడ బిగబట్టుకుని కూర్చుంది. మరిది ఆశగా ఆవిడ చెవిలో, "వదినా, ఊపెయ్! ఒక్క ఊపుతో కంపెనీకి పైసా ఖర్చు లేకుండా తెగిపోతుంది" అన్నాడు.

"నోరు కట్టేసుకోమన్నది నువ్వే కదయ్యా? మెడ కూడా కట్టేసుకున్నా."

బావ కుర్చీలో ముందుకు జరిగాడు. "నిన్న వాడూ వచ్చి అడిగాడట కదా, నేనేమన్నానో చెప్పమని. దర్జీ చూశాడు. చెప్పారా?"

"ఎవరు వచ్చారో, రాలేదో కూడా చెప్పను. మీ గురించి మీరు చెప్పుకోవచ్చు. నేను చెప్పను."

బావమరిది వచ్చిన మాట నిజమే. బావ ఏమన్నాడో చెబితే మీ తరఫున సాక్ష్యం చెబుతానని ఊరించాడు. ఆ ఊరింపూ ఉత్త చేతులతోనే వెనక్కి వెళ్ళింది.

"అయితే కోర్టులోనే తేల్చుకుందాం" అని బావ లేచాడు. మరిదీ ఒంటికాలి మీద లేచాడు. "తేల్చుకోండి! మా వదినది ఇసుమంత కూడా తప్పులేదు. గంటలో ఆరుతుందని రంగు అమ్మింది ఎవరు? మీ రంగు ఆరకపోతే..."

"నువ్వు కూర్చో" అంది చెవులమ్మ మరిదితో. ఆ గొంతు ఫిర్యాదుల కిటికీ కాలం నాటిది. మరిది కూలబడ్డాడు. ఆవిడ బావ వైపు తిరిగింది.

"రంగు మీదే. కానీ ఒకే రోజున ఇద్దరికీ టైము ఇచ్చింది నేను. తలుపు ఆరలేదని తెలిసీ, పని ఆపుకోకుండా మిమ్మల్ని వీధి తలుపులోంచి పంపింది నేను. తప్పు నాదే. క్షమించండి."

మరిది కళ్ళు తేలేశాడు. చేతిలో కాగితాలు ఒళ్ళోకి జారాయి. "అనేసింది," అన్నాడు గోడతో. "అనేసింది!"

ఆవిడ కాదంటే ఏమనాలో బావ దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు పాపం. ఔనంటే ఏమనాలో అనుకోలేదు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"మీరన్న ఆ మాట," అన్నాడు చివరికి, "వాడు ఒక్కసారి అంటే చాలు నాకు."

"మీరు ఎప్పుడైనా అన్నారా?"

బావ కిటికీలోంచి చూశాడు. ఎదురుగా దర్జీ కొట్టు ముందు, కుట్టించుకునే బట్ట ఏదీ చేతిలో లేకుండా బావమరిది నిలబడి ఉన్నాడు, ఇటే చూస్తూ.

"అతనేమన్నాడో నన్ను ఎంత అడిగినా రాదు. అతన్ని అడగండి. ఇంకో కుర్చీ తెచ్చి వేస్తాను."

"వాడు రాడు."

"పిలిచారా?"

"నేను పిలవాలా!" అని ఎగిరిపడ్డాడు గానీ, లేచి తలుపు తీసింది ఆయనే. "ఒరేయ్ బామ్మర్దీ! అక్కడేం చూస్తున్నావు, కొలతలిస్తున్నావా? తగలడు లోపలికి!"

"నీ కోసం రావట్లేదు," అన్నాడు బావమరిది వీధి దాటుతూ. "ఎండగా ఉంది."

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. మరిదికి ఆ నిశ్శబ్దం భరించడం చేతకాలేదు. "ఇంతకీ గంటలో ఆరే రంగేనా అది?" అని గొణిగాడు.

బావమరిది తలెత్తాడు. "నీలమా? పైన అరలోదా? అది పాత సరుకు, అమ్మొద్దని చెప్పానా లేదా బావా?"

"ఎప్పుడు చెప్పావు? నువ్వు నోరు విప్పి ఎన్నాళ్ళైంది? 'మూత' అంటావు. మూతలో ఇంతర్థముందని నాకెలా తెలుస్తుంది?"

"వింటే కదా చెప్పేది! నేనొకటి మొదలుపెడితే నువ్వు పది చెబుతావు."

"సరే, చెప్పు. వింటా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

చెవులమ్మ మరిది రెక్క పట్టుకుని లేపింది. "నువ్వు బయటికి నడువు. ఇక్కడినుంచి నీకు పనిలేదు."

"క్లెయిము?"

"పో అయ్యా."

ఆ తర్వాత ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో మరిదికి తెలియలేదు. దర్జీకీ తెలియలేదు. మధ్యలో రెండుసార్లు ఎవరో గట్టిగా నవ్వారని మాత్రం చెప్పుకున్నారు. ఆ వారంలోనే కొట్టులో చెక్క అడ్డం ఊడదీసి అరలుగా కొట్టారు. కేసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కంపెనీ మాత్రం ఊరుకోలేదు. తమను అడగకుండా తప్పొప్పుకున్నందుకు మెత్తగా చీవాట్లు రాసి పంపింది. ఆవిడ అది చదివి, ఆ మాటకొస్తే తాను మళ్ళీ అలాగే అంటానని మరిదితో కబురంపింది.

బావ, బావమరిది రావడం మానలేదు. ఇద్దరూ ఒకే బండి మీద, ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటూ, దర్జీని పలకరించి మరీ వస్తున్నారు. అది చూసి మరిది పొంగిపోయాడు.

"చూశావా వదినా, ఎంత పెద్ద గండం గడిచింది!"

"గడిచింది. ఇంతకుముందు ఇద్దరివీ రెండు అపాయింట్‌మెంట్లు ఉండేవి. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే. వచ్చినవాళ్ళు బాగుపడితే నాకొచ్చే నష్టానికి మీ దగ్గర పాలసీ ఏదైనా ఉందా?"

మరిది నవ్వలేదు. సంచీలో చెయ్యి పెట్టి కలం తీశాడు.

"కనుక్కుంటా వదినా. ఇలాంటివి నెలకు ఎన్ని జరుగుతుంటాయి?"