నేను మార్చి చెప్పిన మాట

ఒక మాట పదిహేనేళ్లుగా నా గొంతులో ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా గర్వం గురించి చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు అర్థం కాదు. మాది కరీంనగర్ వైపు నేతపని ఇల్లు. బొగ్గుబావుల ఊరు బెల్లంపల్లిలో గుమాస్తాగా చేరేనాటికే నాకు తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు వచ్చు. బావుల్లో పనికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవారు. వాళ్ల పక్కన కూర్చుని తమిళం, ఒరియా పట్టాను. జైనూర్ అడవుల నుంచి వచ్చినవాళ్ల దగ్గర గోండీ నేర్చుకున్నాను. కొత్త భాష చెవిన పడితే చాలు, నాకు ఆకలిలాంటిది పుట్టేది. ఎవరి మాటైనా అర్థం కాకపోతే పెద్ద దొర కూడా నన్నే పిలిపించేవాడు. ఆ పిలుపు కోసమే బతికానంటే అబద్ధం కాదు.

నిజాం రాజ్యం పోయిన రెండు మూడేళ్లకు ఖాదర్ అనే ఫిట్టర్ మా బావికి వచ్చాడు. లక్సెట్టిపేట వాడు. బొంబాయిలో ఓడెక్కి, ఆఫ్రికా తూర్పు తీరాన టాంగా అనే రేవు ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేసి, అక్కడి పిల్లనే పెళ్లాడి తీసుకొచ్చాడు. ఆమె పేరు మ్వనైషా. మావాళ్ల నోట ఆయిషమ్మ అయింది. ఆమెకు స్వాహిలీ తప్ప మరో భాష రాదు.

నాకింకేం కావాలి? సాయంత్రం కాగానే వాళ్ల అరుగు మీద వాలేవాణ్ణి. తెలుగులో మాటకు తోక మారుతుంది, ఆ భాషలో తల మారుతుంది. పిల్లవాడు మ్‌తోతో, పిల్లలు వతోతో. ఉర్దూ వచ్చినవాడికి అందులో ఎన్నో మాటలు చుట్టాలే. ఖబర్ అక్కడ హబారి, వఖ్త్ వకాతి, దుకాణం దూకా. కితాబ్ వాళ్లకు కితాబు, ఎక్కువైతే వితాబు! అరబ్బుల మాటకు సైతం తమ పద్ధతిలో తల మార్చేశారే అని ఆ రోజంతా నాలో నేను నవ్వుకున్నాను. మరాఠీలో దాదా అంటే అన్న, ఉర్దూలో తాత. స్వాహిలీలో అక్క. ఆయిషమ్మను నేను దాదా అని పిలిస్తే, వెల్లుల్లి ఒలుస్తున్న ఖాదర్ తల్లి పడీపడీ నవ్వేది.

ఆరు నెలలు తిరగకుండానే ఖాదర్ జ్వరంతో పోయాడు.

భర్త పోయిన ఆడమనిషి పాటించే గడువు ముగిశాక, అతని అన్న మహమూద్ భాయ్ లక్సెట్టిపేట నుంచి వచ్చాడు. దర్జీ పని చేసేవాడు. మంచి మనిషి. నన్ను పిలిచి ఆయిషమ్మ ముందు కూర్చోబెట్టాడు.

"తమ్మీ, నువ్వే అడుగు. ఉంటనంటే నా సొంత చెల్లె లెక్క సూసుకుంట. పోతనంటే బొంబాయి దాక నేనే తోల్కపోయి ఓడెక్కిస్త. జబర్దస్తీ ఏం లే. గామె దిల్‌ల ఏమున్నదో జర సాఫ్‌గ అడుగు."

ఒక్క తప్పు లేకుండా అడిగాను. ఆమె వెంటనే చెప్పింది.

"నతాకా కురూది క్వేతు. మామా యంగు యుకో హై."

మా ఇంటికి తిరిగి పోతాను. మా అమ్మ బతికే ఉంది.

"ఏమన్నది?" అన్నాడు మహమూద్ భాయ్.

"ఈడనే ఉంటదట భాయ్. గిదే నా ఇల్లు అంటున్నది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇగ దేనికీ ఫికర్ చేయొద్దని చెప్పు" అన్నాడు. నేను ఆమె వైపు తిరిగి, ఇప్పుడు పంపలేమంటున్నారు, తర్వాత చూస్తారట అన్నాను. అదీ తప్పు లేకుండానే. ఆమె మహమూద్ భాయ్‌ని ఒకసారి చూసి తల దించుకుంది.

ఎందుకలా చెప్పాను? ఆమె మీద మనసు పడ్డానా? లేదు. ఆ సాకు కూడా నాకు లేదు. ఆమె పోతే ఆ భాష పోతుంది. సగం నేర్చాను. మిగతా సగం ఇంకెవరి నోట వింటాను? బావి తవ్వుతుంటే ఇంకాసేపట్లో నీళ్లు పడతాయనగా చేతిలోని పార లాక్కున్నట్టు అనిపించింది. అంతే. ఒక మనిషి తల్లి దగ్గరికి పోకుండా ఆపడానికి నాకు అది సరిపోయింది.

'క్వేతు' అంటే 'మన చోటు' కదా, ఈ ఇంటినే అన్నదేమో, నేను పొరబడ్డానేమో అని కొన్నాళ్లు సర్దిచెప్పుకోబోయాను. భాష రాక పొరబడ్డానంటే తప్పు తేలికయ్యేది. కానీ నా గర్వం దానికి ఒప్పుకోలేదు. ఆ మాట నాకు బాగా వచ్చు.

మహమూద్ భాయ్ తల్లినీ ఆమెనూ లక్సెట్టిపేట తీసుకుపోయాడు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి పోయేవాణ్ణి. నన్ను ఇంటి మనిషిలా చూశారు. మెల్లగా ఆమె ఉర్దూ నేర్చింది. నాకు గుబులు పట్టుకుంది. కానీ ఆ ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఇల్లు ఎంచుకుని నిలిచిన మనిషని ఆయన ఆమెకు ఎంతో మర్యాద ఇచ్చేవాడు. తనను ఆపిన మనిషిని మళ్లీ బతిమాలడం ఇష్టంలేక ఆమె ఆయనతో ముక్తసరిగా ఉండేది. ఈ బిగువు ఎందుకో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, టాంగాలో ఖాదర్‌తో పనిచేసిన స్నేహితుడొకడు పలకరించడానికి వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె తల్లి పోయిందని చెప్పాడు. బొంబాయి ఓడ వచ్చినప్పుడల్లా ఆ ముసలామె రేవుకు పోయి నిలబడేదట. మరి నువ్వెందుకు రాలేదని ఆమెను స్వాహిలీలోనే అడిగాడు. వీళ్లు నన్ను పంపలేదు అంది ఆయిషమ్మ. పక్కనే చాయ్ కప్పు పట్టుకుని కూర్చున్న మహమూద్ భాయ్‌కి అందులో ఒక్క ముక్క తెలియలేదు. నాకు అన్నీ తెలిశాయి. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు. ఓదార్పు మాటలు నాలుగు ఆమె భాషలోనే చెప్పాను. ఆ స్నేహితుడు నా నోటి వంక చూసి ఆశ్చర్యపోయాడు. అచ్చం తీరం మనిషిలా మాట్లాడుతున్నాడే అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, "మ్వనాఫుంజి వంగు" అంది. నా శిష్యుడు.

అంత పొగడ్త నాకు ఎవరూ ఇవ్వలేదు. అంత శిక్ష కూడా.

ఇప్పుడు ఆయిషమ్మ, మహమూద్ భాయ్ ఇద్దరూ లేరు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. అడిగే ముఖం కూడా నాకు లేదు. ఆ భాష మాత్రం నాలో చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసుకుని ఇవాళ్టికీ గర్వపడతాను, దాచను. కానీ ఆమె పోతానంది. ఉంటానందని నేను చెప్పాను. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి రాయడం ఇదే మొదటిసారి.