కాయిలక్క చేసిన డైరెక్ట్ బాక్స్

మా కాయిలక్క పోయింది. మొన్న పొద్దున నెల్లితోపు నుంచి ఫోన్ వచ్చింది. గుండెల్లో నొప్పి అందట, ఆటో ఎక్కించేలోపే ప్రాణం పోయిందట. వినగానే నాకు ముందు భయమేసింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఎందుకు భయమో చెప్పాలంటే నేను చేసిన ఒక వెధవ పని చెప్పాలి. ఆ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు, ఇక దాన్ని నేనొక్కణ్ణే మోయాలి.

ఆఫీసు వాళ్లు యానానికీ పుదుచ్చేరికీ మధ్య నన్ను బదిలీల మీద తిప్పుతున్న ఏళ్లవి. పుదుచ్చేరి నెల్లితోపులో ఆమె పక్క వాటాలో నేనూ నా భార్యా దిగాం. కాలిపోయిన మోటార్లకు రాగి తీగతో కొత్త కాయిళ్లు చుట్టే షాపులో ఆమెకు పని. తేంగాయితిట్టు చేపల రేవులోని ఐసు ఫ్యాక్టరీల మోటార్లన్నీ ఆమె చేతికే వచ్చేవి. వీధంతా కాయిలక్క అనేవారు, మేమూ అలాగే పిలిచాం. వాళ్లది తరాలుగా పుదుచ్చేరిలోనే ఉన్న తెలుగు కుటుంబం, ఆమెకు తెలుగు చదవడం మాత్రం రాదు. తీగ చుట్టేటప్పుడు చుట్లు అరవంలో లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది, అప్పుడు తిట్లు మాత్రం శుభ్రమైన తెలుగులో వచ్చేవి. నేను చాలా తిన్నాను.

నాకు ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి. నా భార్య పాడుతుంది. గిటారూ మైకూ రెండూ ఒకే ఆంప్లిఫయర్‌కి పెట్టి, దాన్నుంచి కంప్యూటర్‌లోకి రికార్డు చేసేవాళ్లం. వెనకాల ఎప్పుడూ గుయ్యిమని ఒక మోత. ఎవరో మహానుభావుడు చెప్పాడు, ఆంప్లిఫయర్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను కోసేస్తే పోతుందని. కోసేశాను. మోత పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక సాయంత్రం కంప్యూటర్ తీగ పీకేసి ఊరికే సాధన చేసుకుంటున్నాం. అప్పుడే తడిబట్ట పెట్టిన నేల, ఆవిడ చెప్పుల్లేకుండా నిలబడి పాడుతోంది.

"ఏవండీ, మైకు తగిలితే పెదాలు చిమచిమంటున్నాయి."

"నీ పాటకి మైకు పులకరించిపోతోంది," అన్నాను. సిగ్గులేదు నాకు.

తోడు పెరుగు కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ కాయిలక్క గిన్నె అక్కడే వదిలేసి, వచ్చి స్విచ్చి ఆపేసింది. "పాపా, లోపలికి పోయి తోడు ఎత్తుకోని రా," అని నా భార్యను పంపేసింది. ప్లగ్గు లాగి చూసింది.

"ఏందిది? మూడో పిన్ను యాడ?"

"మోత వస్తోందని కోశానక్కా."

ఆమె కోసిన చోటు నా కళ్ల ముందు పెట్టింది. "ఆ పిన్ను మోత కోసరం పెట్టిండేది గాదు తంబీ. పెట్టెలో యాడన్నా తీగ తగిలితే కరెంటు మట్టిలోకి పోయే దోవ అది. దాన్ని కోసేస్తే ఇంగ పాప మీదనే పోవల్ల."

"ఆవిడకు చెప్పేస్తావా అక్కా?" అని అడిగాను.

"నేనెందుకు చెప్తా? కోసింది నువ్వు. నువ్వే చెప్పు."

నేను చెప్పలేదు. ఇన్నేళ్లూ చెప్పలేదు.

ఆ పూటే కొత్త ప్లగ్గు బిగించింది. మోత మళ్లీ వచ్చింది. అప్పుడు మొదలుపెట్టింది, మోత ఆపే ఒక డబ్బా చెయ్యడం. గిటార్ ముందు మైకు పెట్టకుండా, దాని శబ్దాన్ని తిన్నగా రికార్డింగ్‌కి పంపేదాన్ని డైరెక్ట్ బాక్స్ అంటారు. ఒక స్టూడియో వాళ్లది బాగుచేసినప్పుడు లోపల రెండు తీగ చుట్లు ఉండడం చూసిందట. మొదటిసారి చుట్టినప్పుడు శబ్దం మూకుడు మూసి వాయించినట్టు వచ్చింది. మొత్తం విప్పేసింది. ఈసారి వెంట్రుకంత తీగ తెచ్చి, గాలికి తెగుతుందని ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ ఆదివారమంతా చుట్టింది.

"ఈ చుట్టు వేరే, ఆ చుట్టు వేరే. రెంటికీ తగులుడు లేదు. పాట మట్టుకు దాటిపోతుంది, మోత ఈడనే నిలిచిపోతుంది. ఇంకా మోత ఉంటే ఈ స్విచ్చి తిప్పు, ఇది పాట తీగ ఎర్తును మట్టుకే తెంచేది. గోడ ప్లగ్గు జోలికి మళ్లీ పోయినావో, చెయ్యి ఇరగ్గొడతా."

గిటార్ మీటాను. అంత శుభ్రమైన శబ్దం నా గిటార్‌లో ఉందని నాకే తెలియదు.

కరెంటు సామాన్లతోనే బతికే మనిషికి కరెంటంటే అంత భయమేమిటని ఒకసారి నవ్వాను. "నాతో పాటు పనికి చేరినోళ్లలో ఇద్దరు భయం లేనోళ్లు ఉండ్రి. ఇప్పుడు లేరు," అంది. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ భయాన్ని చూసి నవ్వలేదు.

మొన్న మేమిద్దరం వెళ్లేసరికి వాకిట్లో షామియానా వేసి, అద్దెకు తెచ్చిన ఐసు పెట్టెలో ఆమెను పడుకోబెట్టారు. అద్దమంతా చెమ్మ పట్టి ముఖం కనిపించడం లేదు. కడిగిన నేల ఇంకా ఆరలేదు. ఆమె చెల్లెలు పెట్టె అంచు మీద వాలి ఏడుస్తూ ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏందో, చెయ్యి లాగుతుంది."

"ఏడ్చి ఏడ్చి నీరసం," అన్నారెవరో.

పెట్టె తీగ వెంట పరుగెత్తాను. దానికసలు ప్లగ్గే లేదు. రెండు తీగలు సాకెట్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు పెట్టారు. ఎర్త్ తీగ కోసేసి ఉంది. స్విచ్చి ఆపేశాను.

"ఎవరయ్యా నువ్వు? మెషిను ఆపినావేంది? ఈ ఎండకి బాడీ ఏమయ్యేది?" అంటూ వాళ్ల బంధువొకాయన స్విచ్చి మీదకు చెయ్యి చాచాడు. అడ్డం నిలబడ్డాను. ఎర్త్ అన్నాను, షాక్ అన్నాను, ఎవరూ వినిపించుకోలేదు. నలుగురు నన్ను పక్కకు లాగుతున్నారు. ఆ చెల్లెలు మళ్లీ పెట్టె మీద వాలిపోతోంది.

"నేనూ ఇలాగే ఎర్త్ కోసేసి నా భార్యను చంపబోయాను!" అని అరిచాను. "ఆ రోజు ఆపింది ఈ అక్కే!"

చేతులు నన్ను వదిలేశాయి. ఎవరో త్రీపిన్ ప్లగ్గు కోసం బండి తీశారు. నా భార్య నా వైపు చూసింది.

"ఆ రోజు పెదాలు చిమచిమన్న మైకేనా?"

తలూపాను.

ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి పెట్టె తల దగ్గర నిలబడింది. చల్లదనం ఆగిపోవడంతో అద్దం మీది చెమ్మ మెల్లగా విడిపోతోంది. ముందు నుదురు, తర్వాత ముక్కుపుడక, తర్వాత కాయిలక్క ముఖమంతా కనిపించింది. నా భార్య వంగి, ఆ ముఖాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.