అవ్వ చదవలేని కాగితం

ఎనిమిదేళ్లుగా ఒక చిన్న మాట నా కడుపులో కుళ్లుతోంది. ‘అంతే’ అన్న మాట. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తమిళనాడు ధర్మపురిలో, కారిమంగళం దగ్గర ఒక ఊళ్లో, తరతరాలుగా ఉంటున్న తెలుగు రైతుల మీద పరిశోధన చేశాను. వాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదివేది, రాసేది తమిళమే. ముందుగా సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. దాన్ని తెలుగులో అచ్చు వేయించాను. మాతృభాష మీద గౌరవం అని చెప్పుకున్నాను. గౌరవమా? నాకు కథలు చెప్పాల్సిన అవ్వకు చదువుకున్న కోడలుంది. పత్రం తమిళంలో ఉంటే, నా పరిశోధన ఖర్చు భరించిన ప్రభుత్వ కార్యాలయం అడిగితే పేర్లతో సహా అన్నీ ఇచ్చేస్తానన్న వాక్యం ఆ కోడలి కంట పడుతుంది. అప్పుడు ఎవరు నోరు విప్పుతారు?

అవ్వ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

“ఇది మన ఎళుత్తా సామీ, మన అచ్చరాలా? మాట్లాడేది తెలుగేగాని, ఎళుత్తు నేను సూసిందే లేదు. ఏమని రాసుండావు?”

“నీ కథ నేను రాసుకోవడానికి ఒప్పుకున్నట్టు, అవ్వా.”

“అంతేనా?”

“అంతే.”

తమిళంలో సంతకం పెట్టింది. రాగిముద్ద పెట్టింది. సిగ్గులేకుండా రెండోది కూడా అడిగి తిన్నాను. మనవాడినని నమ్మి, ఏటి పక్క చేనుకు పట్టా లేదని, సర్కారు పోరంబోకును తన మామ దున్ని చేను చేశాడని చెప్పింది. అదంతా రికార్డు చేసుకున్నాను.

కార్యాలయం వాళ్లు రికార్డింగులు అడిగారు. ఇవ్వనని అనొచ్చు. ఆమె పేరైనా తీసేయొచ్చు. నా డాక్టరేట్ పట్టా ఎక్కడ ఆగిపోతుందోనని అన్నీ ఇచ్చాను. మరుసటి ఏడు ఆ చేను చుట్టూ ముళ్లకంచె వేశారు. నోటీసులో సాక్ష్యం అవ్వ మాటలే. కోడలు ఫోన్ చేసింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. తర్వాత అవ్వ పోయిందని తెలిసింది. తన నోటితోనే చేను పోగొట్టానని కుమిలిందా? నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నేను పరిశోధనలో నీతి గురించి పాఠం చెబుతున్నాను. ఆ సమ్మతి పత్రాన్నే మాదిరిగా చూపిస్తాను, మాతృభాషలో ఉంది చూడండి అని. పిల్లలు తలూపి రాసుకుంటారు. థూ!

చెప్పేశాను. గుండె కొంచెం తేలికైంది, ఆ తేలికను చూసినా నాకు రోతే. అసలు ఇదంతా చెప్పాల్సింది ఆ కోడలికి. ఆమెకు తమిళం చదవడం వచ్చు, నాకు రాయడం వచ్చు. అయినా తెలుగులోనే రాశాను.